జన్యువు ఎవరి సొత్తు?

వానాకాలం. మధిర పక్కనున్న ఒక ఊళ్ళో వరిచేను. మూడు రోజులు గాలివాన కురిసి అప్పుడే తెరిపి ఇచ్చింది. తాత వెంట చేనుకు వచ్చిన మనవరాలు గట్టు మీద టక్కున ఆగిపోయింది. పచ్చగా ఉండవలసిన వరి ఆకులు కొసల నుంచి కిందికి, అంచుల వెంట వంకరటింకరగా, ఎండుగడ్డి రంగుకు తిరిగాయి.

"తాతా! మడి నిండా నీళ్ళున్నయి గదా, ఆకులు ఎందుకెండినయ్?"

"నీళ్ళు లేక కాదు బిడ్డా. ఇది ఆకు ఎండు తెగులు. మందు కొట్టినా గుణం కనబడదు."

"మరి ఆ పక్క మడి పచ్చగనే ఉందే?"

"అది ఈ తెగులును తట్టుకునే వంగడం. దాంట్లో ఏదో జన్యువు ఉన్నదని మొన్న వచ్చిన వ్యవసాయాఫీసరు సారు చెప్పిండు."

"ఆ జన్యువు ఎవరిది తాతా?"

తాత నవ్వాడు. "ఎవరిదేంది? వడ్లగింజది!"

పిల్లలూ! తాత జవాబు మనకు చాలా సహజంగా తోస్తుంది. కాని ఇదే ప్రశ్న మీద విశ్వవిద్యాలయాలు, కంపెనీలు, ప్రభుత్వాలు ఏళ్ళ తరబడి వాదించుకున్నాయి. దేశదేశాల ఉన్నత న్యాయస్థానాలు తీర్పులు చెప్పాయి. ఆ పచ్చని మడిలోని జన్యువు ఎక్కడి నుంచి వచ్చింది? దారిలో దాని మీద ఎవరెవరు హక్కు కోరారు? ఈ కథను మొదటి నుంచి తెలుసుకుందాం.

శత్రువు ఎవరు?

ఆకు ఎండు తెగులును తెచ్చేది ఒక బాక్టీరియా. దాని పేరు జాంతోమోనాస్ ఒరైజే. గాలివానకు ఆకులు ఒకదానినొకటి రాసుకొని చిరుగాయాలు పడతాయి. ఆ గాయాల గుండా, ఆకు అంచున ఉండే సన్నని రంధ్రాల గుండా బాక్టీరియా లోపలికి చొరబడుతుంది. ఆకులో నీటిని మోసే నాళాల్లో కాపురం పెట్టి వేలు, లక్షలుగా పెరుగుతుంది. నాళాలు పూడిపోతాయి. మడిలో నీరున్నా ఆకు కొసకు నీరందదు. అందుకే ఆకు ఎండుతుంది. యూరియా మితిమీరి వేసిన చేలో ఈ తెగులు మరింత చెలరేగుతుంది.

దీనికి నమ్మదగిన మందు లేదు. కనుక మిగిలిన దారి ఒక్కటే: తెగులును తనంతట తానే తట్టుకునే వంగడాన్ని తయారుచేయడం.

జన్యువు అంటే ఏమిటి?

జీవకణంలో డి.ఎన్.ఏ. అనే పొడవైన పోగు ఉంటుంది. ఈ పోగులో నాలుగు రకాల రసాయన 'అక్షరాలు' ఒక వరుసలో కూర్చి ఉంటాయి. ఆ వరుసలో, ఫలానా ప్రోటీను ఎలా తయారుచేయాలో చెప్పే ఒక్కొక్క వాక్యాన్ని జన్యువు అనుకోండి. వరి కణంలో ఇలాంటి జన్యువులు వేల సంఖ్యలో, 12 జతల క్రోమోసోముల మీద అమరి ఉన్నాయి.

తెగులును తట్టుకునే శక్తి కూడా ఇలాంటి వాక్యాల్లోనే రాసి ఉంటుంది. మన కథానాయకుడు అలాంటి ఒక జన్యువు. దాని పేరు ఎక్స్.ఏ.-21. ఇది వరి 11వ క్రోమోసోము మీద ఉంటుంది. ఇది తయారుచేసే ప్రోటీను కణం గోడ దగ్గర కాపలాదారుగా నిలుస్తుంది. బాక్టీరియా వదిలే ఒక అణువు తగలగానే గుర్తుపట్టి, "శత్రువు వచ్చాడు!" అని కణం లోపలికి కబురు పంపుతుంది. ఆ బాక్టీరియా అణువు ఏదో 2015లో తేలింది. దానికి రాక్స్-ఎక్స్ అని పేరు పెట్టారు.

ఆఫ్రికా గడ్డి నుంచి

ఎక్స్.ఏ.-21 మన వరిలో పుట్టినది కాదు. పశ్చిమ ఆఫ్రికాలో మాలి అనే దేశం ఉంది. అక్కడి నీటి పల్లాల్లో ఒక అడవి వరి తనంతట తాను పెరుగుతుంది. దాని శాస్త్రీయ నామం ఒరైజా లాంగిస్టామినాటా. వరి పండించే రైతుకు అది కలుపు మొక్క. సొంత పొలం లేక ఊరూరు తిరిగే బేలా అనే పేద జనానికి మాత్రం అది తిండిగింజ.

ఈ అడవి వరి మొక్క ఒకటి ఒరిస్సాలోని కటక్ కేంద్ర వరి పరిశోధనాలయానికి చేరింది. 1977లో అక్కడి శాస్త్రజ్ఞులు దానిమీద తెగులు బాక్టీరియాను ప్రయోగించి చూశారు. మన దేశంలో దొరికిన ఏ రకం బాక్టీరియా కూడా దాన్ని లొంగదీయలేకపోయింది! 1978లో ఆ మొక్కను ఫిలిప్పీన్స్ దేశంలోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థకు తీసుకువెళ్ళారు. అక్కడ పంజాబుకు చెందిన గురుదేవ్ సింగ్ ఖుష్, ఆయన సహచరులు దాన్ని సాగు వరితో సంకరపరిచారు. అడవి వరి గుణాలన్నీ వదిలించి, తెగులును తట్టుకునే గుణాన్ని మాత్రం నిలుపుకోవడానికి సుమారు 12 ఏళ్ళు పట్టింది.

తరువాత అంకం అమెరికాలో జరిగింది. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో పమేలా రోనాల్డ్ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం 1995లో ఎక్స్.ఏ.-21 జన్యువును విడదీసి, దానిలోని అక్షరాల వరుసను చదివారు. ఆ ఏడే విశ్వవిద్యాలయం ఆ జన్యువు మీద పేటెంటు కోరింది. 1999లో పేటెంటు లభించింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. మొక్క మాలిది. గుణాన్ని గుర్తించింది కటక్. సాగు వరిలోకి తెచ్చింది ఫిలిప్పీన్స్. జన్యువును చదివింది డేవిస్. పేటెంటు మాత్రం ఒక్క చివరివారి పేరనే వచ్చింది. ఇది న్యాయమా? తొందరపడి జవాబు చెప్పకండి. ముందు పేటెంటు అంటే ఏమిటో తెలుసుకుందాం.

పేటెంటు ఒక ఒడంబడిక

ఒక వడ్రంగి కొత్తరకం గొర్రు కనిపెట్టాడనుకోండి. దాని కిటుకు బయటపెడితే అందరూ చేసుకుంటారు, ఆయనకు ఏమీ మిగలదు. దాచుకుంటే ఆయనతోనే కిటుకు పోతుంది, లోకానికి నష్టం. ఈ చిక్కును విడదీయడానికి ప్రభుత్వం ఒక ఒడంబడిక చేస్తుంది: "నీ కిటుకంతా దాచకుండా రాసి ఇవ్వు. దాన్ని అందరూ చదువుకొనేలా ప్రకటిస్తాం. బదులుగా, దరఖాస్తు చేసిన రోజు నుంచి 20 ఏళ్ళపాటు నీ అనుమతి లేకుండా ఇంకొకరు దాన్ని తయారుచేసి అమ్మకుండా చూస్తాం. గడువు తీరాక అది అందరిదీ."

పేటెంటు పొందడానికి మూడు పరీక్షలు నెగ్గాలి. అది కొత్తదై ఉండాలి. ఆ విద్య తెలిసిన వాడికెవడికైనా ఇట్టే తట్టేది కాకూడదు. ఉపయోగపడేదై ఉండాలి. ఇంకొక సంగతి మరవకండి. పేటెంటు ఏ దేశం ఇస్తే ఆ దేశంలోనే చెల్లుతుంది. అమెరికా పేటెంటు మధిర పొలంలో చెల్లదు.

విశ్వవిద్యాలయానికి పేటెంటు ఎందుకు?

విశ్వవిద్యాలయం పని చదువు చెప్పడం, కొత్త జ్ఞానం సంపాదించడం. అది కర్మాగారం కాదు, అంగడి కాదు. మరి పేటెంటుతో దానికేం పని?

1973లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయానికి చెందిన స్టాన్లీ కోహెన్, కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు శాన్‌ఫ్రాన్సిస్కో శాఖకు చెందిన హెర్బర్ట్ బోయర్ కలిసి ఒక గొప్ప ప్రయోగం చేశారు. ఒక జీవి డి.ఎన్.ఏ. ముక్కను కత్తిరించి, బాక్టీరియాలోని డి.ఎన్.ఏ.కు అతికించారు. బాక్టీరియా పెరిగిన కొద్దీ ఆ ముక్క కూడా పెరిగింది. ఇదే జన్యు ఇంజనీరింగుకు నాంది.

వారిద్దరికీ పేటెంటు ఆలోచనే లేదు. స్టాన్‌ఫర్డ్‌లో లైసెన్సుల వ్యవహారం చూసే నీల్స్ రీమర్స్ పత్రికలో ఆ వార్త చదివి వారిని ఒప్పించాడు. 1974 నవంబరులో దరఖాస్తు పెట్టారు. అమెరికా చట్టం ప్రకారం, ప్రయోగాన్ని ప్రకటించిన తరువాత ఒక ఏడాది వరకు గడువు ఉంటుంది. ఆ గడువు తీరే ముందే దరఖాస్తు చేరింది. కాని అనేక ఇతర దేశాల్లో అలాంటి గడువు లేదు. ఒకసారి ప్రకటించాక అది 'కొత్తది' కాదు. కనుక అక్కడ పేటెంటు అవకాశం చేజారింది. అందుకే నేటికీ విశ్వవిద్యాలయాల్లో, పేటెంటు కావాలంటే ముందు దరఖాస్తు, తరువాతే వ్యాసం అని శాస్త్రజ్ఞులకు చెబుతారు.

1980 డిసెంబరులో మొదటి పేటెంటు వచ్చింది. అదే ఏడు జరిగిన మరి రెండు సంగతులు ఈ రంగాన్ని మార్చివేశాయి. బెంగాలులో పుట్టిన ఆనంద మోహన్ చక్రవర్తి ముడిచమురును తినివేసే బాక్టీరియాను తయారుచేశాడు. మనిషి మార్చి తయారుచేసిన ప్రాణి మీద కూడా పేటెంటు ఇవ్వవచ్చునని ఆయన కేసులో అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఇక ప్రభుత్వ ధనంతో చేసిన పరిశోధనల మీద విశ్వవిద్యాలయాలే పేటెంటు తీసుకోవచ్చునని అమెరికాలో బే–డోల్ చట్టం వచ్చింది.

లైసెన్సులో రెండు దారులు

పేటెంటు చేతికొచ్చాక విశ్వవిద్యాలయం కంపెనీలకు దాన్ని వాడుకునే అనుమతి ఇస్తుంది. అదే లైసెన్సు. కంపెనీ మొదట కొంత రుసుము కడుతుంది. సరుకు అమ్మినప్పుడల్లా అమ్మకంలో కొంత వాటా ఇస్తుంది. ఆ వాటాను రాయల్టీ అంటారు. వచ్చిన సొమ్మును కనిపెట్టినవారు, వారి శాఖ, విశ్వవిద్యాలయం పంచుకుంటారు.

లైసెన్సు ఇవ్వడంలో రెండు దారులున్నాయి.

మొదటిది, అడిగిన వారందరికీ ఇవ్వడం. కోహెన్–బోయర్ పేటెంటు విషయంలో స్టాన్‌ఫర్డ్ ఈ దారినే పట్టింది. తొలుత ఏడాదికి 10,000 డాలర్ల రుసుము, అమ్మకాల మీద స్వల్ప రాయల్టీ అని పెట్టింది. లాభం కోసం కాక, పరిశోధన కోసమే వాడుకునే విద్యాసంస్థల నుంచి రుసుము అడగలేదు. 1997లో గడువు తీరేనాటికి 468 కంపెనీలు లైసెన్సు తీసుకున్నాయి. సుమారు 25 కోట్ల 50 లక్షల డాలర్ల ఆదాయం వచ్చింది. మధుమేహ రోగులకు బాక్టీరియా ద్వారా తయారుచేసిన ఇన్సులిన్ 1982లో అనుమతి పొందింది ఈ విద్యతోనే. మన హైదరాబాదులో శాంతా బయోటెక్నిక్స్ 1997లో హెపటైటిస్-బి టీకాను తయారుచేసి తెచ్చింది కూడా ఈ జన్యు ఇంజనీరింగు విద్యతోనే.

రెండవది, ఒక్కరికే ఇవ్వడం. కోట్లు ఖర్చు పెట్టి మందు తయారుచేసే కంపెనీ "పోటీ లేదంటేనే దిగుతాను" అంటుంది. అందులో కొంత న్యాయం లేకపోలేదు. కాని దీనికి మరో ముఖం కూడా ఉంది. రొమ్ము క్యాన్సరుకు సంబంధించిన బి.ఆర్.సి.ఏ.-1 అనే జన్యువును 1994లో అమెరికాలోని యూటా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు, మిరియడ్ అనే కంపెనీ కలిసి విడదీశారు. పేటెంట్లు వచ్చాయి. ఆ జన్యువులో లోపముందో లేదో చెప్పే పరీక్ష ఆ ఒక్క కంపెనీ గుప్పిట్లో ఉండిపోయింది. పరీక్షకు 3,000 డాలర్లకు పైగా అయ్యేది. రెండో పరిశోధనాలయంలో సరిచూసుకుందామన్నా వీలు లేదు. చివరికి శాస్త్రజ్ఞులు, వైద్యులు, రోగులు కలిసి కోర్టుకు వెళ్ళారు. 2013 జూన్ 13న అమెరికా సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ఏకాభిప్రాయంతో తీర్పు చెప్పింది: ప్రకృతిలో ఉన్న డి.ఎన్.ఏ. ముక్కను విడదీసినంత మాత్రాన అది మనిషి సృష్టి కాదు, దాని మీద పేటెంటు చెల్లదు. ప్రయోగశాలలో కొత్తగా కూర్చిన డి.ఎన్.ఏ. అయితే అది వేరు.

చూశారా! "వడ్లగింజది" అన్న తాత మాట ఈ తీర్పుకు ఎంత దగ్గరగా ఉందో!

మాలికి ఏం దక్కింది?

మళ్ళీ ఎక్స్.ఏ.-21 దగ్గరికి వద్దాం. మాలికి ఏమీ దక్కకపోవడం పమేలా రోనాల్డ్‌కు కూడా సబబుగా తోచలేదు. ఆమె జాన్ బార్టన్ అనే న్యాయశాస్త్ర ఆచార్యుడి సలహా తీసుకున్నది. 1996లో డేవిస్‌లో ఒక నిధిని ఏర్పాటు చేశారు. ఆ జన్యువును వాడుకొని కంపెనీలు సరుకు అమ్మితే, వచ్చిన దానిలో కొంత ఈ నిధికి చేరాలి. ఆ సొమ్ముతో మాలి మొదలైన దేశాల విద్యార్థులకు ఉపకారవేతనాలు ఇవ్వాలి. ఇదీ ఏర్పాటు. ఆలోచన మంచిదే. కాని రెండు పెద్ద కంపెనీలు ముందు ఆసక్తి చూపినా, ఆ జన్యువుతో సరుకును అంగడికి తేలేదు. అమ్మకం లేనిదే రాయల్టీ లేదు. నిధి అనుకున్నట్టు నిండలేదు.

దీనివల్ల మనకు ఒక పాఠం తెలుస్తుంది. పేటెంటు ఉన్నంత మాత్రాన డబ్బు రాలదు. లాభం వచ్చాక పంచుకుందామనే ఏర్పాటులో, లాభం రాకపోతే ఇచ్చినవారి చేతికి ఏమీ రాదు.

హైదరాబాదులో జరిగిన సంకరం

గింజ మాత్రం ఆగలేదు. ఎక్స్.ఏ.-21 ఉన్న వరి ఫిలిప్పీన్స్ నుంచి లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయానికి వచ్చింది. అక్కడ దాన్ని మరి రెండు జన్యువులతో కలిపి పంజాబు వరిలో చేర్చారు. అక్కడి నుంచి హైదరాబాదు చేరింది.

మనకు సాంబ మసూరి తెలుసు గదా! రైతులు బి.పి.టి. అంటారు. బాపట్ల వ్యవసాయ పరిశోధనా స్థానంలో రూపొంది 1986లో విడుదలైన సన్నబియ్యం రకం ఇది. అన్నం రుచిలో దానికి సాటి లేదు. కాని ఆకు ఎండు తెగులు అంటే దానికి హడల్. హైదరాబాదులోని సి.సి.ఎం.బి., రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధనా సంచాలకాలయం (ఇప్పుడది భారతీయ వరి పరిశోధనా సంస్థ) కలిసి ఈ లోపాన్ని సరిదిద్దడానికి పూనుకున్నాయి.

వారు జన్యువును కత్తిరించి అతికించలేదు. మామూలు సంకరమే చేశారు. మొదటి సంకరంలో పుట్టిన మొక్కలో సగం సాంబ మసూరి. దాన్ని తిరిగి సాంబ మసూరితోనే సంకరపరిస్తే సగటున 75 శాతం. రెండోసారి 87.5 శాతం. మూడోసారి 93.75 శాతం. నాలుగోసారి 96.875 శాతం. మిగిలిన ఆ కాస్తలో మనకు కావలసిన జన్యువులు ఉండాలి. ఉన్నాయని ఎలా తెలుసుకోవడం?

దీనికి డి.ఎన్.ఏ. మీది 'గుర్తులు' ఉపయోగపడ్డాయి. ఖమ్మం నుంచి విజయవాడ వెళ్ళే రైలెక్కారనుకోండి. మోటమర్రి స్టేషను కనబడిందంటే పక్కనే మధిర ఉందని తెలుస్తుంది. మధిరను చూడనక్కరలేదు. అలాగే జన్యువును ఆనుకొని ఉన్న డి.ఎన్.ఏ. గుర్తు మొక్కలో కనబడితే జన్యువు కూడా ఉన్నట్టే. చిన్న ఆకు ముక్కతో ఈ పరీక్ష చేసి, కావలసిన మొక్కలనే ఉంచి తక్కినవి తీసివేశారు.

ఇలా ఎక్స్.ఏ.-5, ఎక్స్.ఏ.-13, ఎక్స్.ఏ.-21 అనే మూడు జన్యువులు ఒకే మొక్కలో చేరాయి. మొదటి రెండూ అంతర్గతాలు. అంటే తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి వస్తేనే గుణం బయటపడుతుంది. మెండెల్ పాఠం గుర్తుందా? ఎక్స్.ఏ.-21 బహిర్గతం. దానికి ఒక్కటి చాలు. ఒక తాళాన్ని బాక్టీరియా తెరిచినా మిగిలిన రెండు తాళాలు కాపాడతాయి. 'మెరుగుపరచిన సాంబ మసూరి' అనే ఈ వంగడం 2008లో విడుదలైంది. మన కథలో పచ్చగా ఉన్న మడి ఇలాంటిదే.

మన చట్టం ఏమంటుంది?

మన 1970 నాటి పేటెంటు చట్టాన్ని తరువాత సవరించినప్పుడు చేర్చిన ఒక నిబంధన ఉంది. దాన్ని 3(జె) అంటారు. మొక్కలు, జంతువులు, వాటి భాగాలు, విత్తనాలు, వంగడాలు, సంకరం వంటి సహజ ప్రక్రియలు: వీటి మీద పేటెంటు ఇవ్వరాదు. సూక్ష్మజీవులకు మాత్రం మినహాయింపు ఉంది.

మరి ఏళ్ళ తరబడి శ్రమించి కొత్త వంగడం తయారుచేసినవారి మాటేమిటి? వారికోసం 2001లో వేరే చట్టం చేశారు. వంగడం కొత్తదై, ఇతర రకాల నుంచి తేడా తెలిసేదై, చేనంతా ఒకే తీరుగా ఉండేదై, తరం మారినా గుణం మారనిదై ఉంటే దాన్ని నమోదు చేయించుకోవచ్చు. వరి, పెసర, మినుము వంటి పంటలకు 15 ఏళ్ళు, చెట్లకు 18 ఏళ్ళు రక్షణ ఉంటుంది.

ఈ చట్టంలోని గొప్పతనం మరొకటి. రైతుకు కూడా హక్కులు రాసిపెట్టారు. నమోదైన వంగడమైనా సరే, రైతు తన పంట నుంచి విత్తనం దాచుకోవచ్చు, తిరిగి విత్తుకోవచ్చు, ఇరుగుపొరుగుకు ఇవ్వవచ్చు, మారకం వేయవచ్చు, అమ్మవచ్చు. కంపెనీ పేరు ముద్రించిన సంచిలో పోసి అమ్మడం మాత్రం కుదరదు. తరతరాలుగా రైతులే కాపాడిన రకాన్ని వారి పేరనే నమోదు చేయించుకోవచ్చు.

మధిరలోనే వ్యవసాయ పరిశోధనా స్థానం ఉంది. అపరాల పరిశోధనకు పేరు పొందింది. ఎం.జి.జి.-295 పెసర, ఎం.బి.జి.-207 మినుము అక్కడ రూపొందినవే. ఆ పేర్లలో మొదటి 'ఎం' అక్షరం మధిరది! అక్కడి శాస్త్రజ్ఞులు తయారుచేసిన విత్తనాన్ని బ్రీడర్ విత్తనం అంటారు. దాన్ని పెంచితే ఫౌండేషన్ విత్తనం. దాన్ని ఇంకా పెంచితే రైతు కొనే సర్టిఫైడ్ విత్తనం. పెసర, మినుము పువ్వులు తమ పుప్పొడితోనే ఫలదీకరణ చెందుతాయి కనుక, రైతు దాచుకున్న గింజ కూడా చాలావరకు తల్లి గుణాన్నే నిలుపుకుంటుంది.

పత్తి సంచి పాఠం

అయితే ఖమ్మం జిల్లా రైతుకు జన్యువు ధర తెలిసిన పంట ఒకటుంది. అది పత్తి. కాయతొలుచు పురుగును చంపే జన్యువు బాసిల్లస్ తురింజెన్సిస్ అనే నేల బాక్టీరియాది. ఆ బాక్టీరియా పేరులోని మొదటి అక్షరాలే బి.టి. ఆ రకపు జన్యువును 1981లో తొలిసారి విడదీసింది కూడా ఒక విశ్వవిద్యాలయమే, అమెరికాలోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం. తరువాత మోన్‌శాంటో కంపెనీ అలాంటి జన్యువును పత్తిలో పెట్టింది. మన దేశంలో 2002లో దానికి అనుమతి వచ్చింది. ఇక్కడి విత్తన కంపెనీలు మోన్‌శాంటో అనుబంధ సంస్థ నుంచి లైసెన్సు తీసుకొని, జన్యువు రుసుమును విత్తనం ధరలో కలిపాయి.

450 గ్రాముల సంచి 1,600 రూపాయలకు పైగా పలికింది. అందులో జన్యువు రుసుమే 1,250 రూపాయలు! పైగా ఇది సంకర విత్తనం. దాచుకొని మళ్ళీ విత్తితే మొక్కలు ఒక తీరుగా రావు. ఏటా కొనవలసిందే. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఈ రుసుము మీద గుత్తాధిపత్య నియంత్రణ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. కమిషన్ రాష్ట్రం వైపు మాట్లాడింది. సంచి ధర 750 రూపాయలకు దిగింది. తరువాత కేంద్ర ప్రభుత్వం ఈ రుసుమును తగ్గిస్తూ వచ్చి 2020లో సున్నా చేసింది.

హైదరాబాదుకు చెందిన నూజివీడు సీడ్స్‌కు, మోన్‌శాంటోకు మధ్య పేటెంటు తగాదా కూడా నడిచింది. 2018లో ఢిల్లీ హైకోర్టు ధర్మాసనం 3(జె) ప్రకారం ఆ పేటెంటు చెల్లదన్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ తీర్పును పక్కన పెట్టి, సాక్ష్యాలతో పూర్తి విచారణ జరపమన్నది. 2021లో ఇరువర్గాలు రాజీపడ్డాయి. మొక్కలో పెట్టిన జన్యువు మొక్కలో భాగమా, కాదా అనే ప్రశ్నకు ఆ కేసులో తుది జవాబు రాకుండానే పోయింది. బహుశా ఆ జవాబు మీ తరం చెప్పవలసి ఉంటుందేమో!

మన అడవి, మన చెరువు

ఇప్పుడు మాలిని తలచుకోండి. మన దగ్గర కూడా చెరువు అంచుల్లో అడవి వరి తనంతట తాను మొలుస్తుంది. దాన్ని నివ్వరి అంటారు. భద్రాచలం అడవుల్లో కోయ రైతులు తరతరాలుగా తిండిగింజలు దాచి విత్తుకుంటున్నారు. రేపు వీటిలో ఏ జన్యువు ఏ తెగులుకు విరుగుడవుతుందో ఎవరు చెప్పగలరు?

అందుకే 2002లో మన దేశం జీవవైవిధ్య చట్టం చేసింది. బయటి దేశాల వారు మన మొక్కలను పరిశోధనకు, వ్యాపారానికి తీసుకోవాలంటే చెన్నైలోని జాతీయ జీవవైవిధ్య ప్రాధికార సంస్థ అనుమతి పొందాలి. లాభంలో స్థానికులకు వాటా ఇవ్వాలి. స్థానిక సంస్థల స్థాయిలో జీవవైవిధ్య కమిటీలు ఉంటాయి. అవి ఊళ్ళోని మొక్కలు, పంటలు, వాటి గురించి పెద్దలకు తెలిసిన సంగతులు ఒక రిజిస్టరులో రాయాలి. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లా అమరచింత నుంచి వేపాకు జపానుకు ఎగుమతి అయినప్పుడు, ఈ చట్టం కింద ఆ ఊరి కమిటీకి రాయల్టీలో వాటా అందింది. అది పెద్ద మొత్తం కాదు. కాని "ఇది మీ ఊరిది" అని ఒప్పుకోవడం పెద్ద మాటే.

ఇక మనవరాలి ప్రశ్నకు జవాబు. జన్యువు ప్రకృతిది. దాన్ని కాపాడింది రైతులు, అడవి జనం. చదివి చెప్పింది శాస్త్రజ్ఞులు. వంగడంగా మలచింది పరిశోధనాలయాలు. వీరిలో ఎవరి శ్రమకు తగిన ఫలం వారికి దక్కాలి. అయితే ఏ ఒక్కరి హక్కూ తాత చేతిలోని విత్తనపు గింజను లాక్కోకూడదు. మంచి చట్టానికి ఇదే గీటురాయి.

మీరే చేసి చూడండి

ఎండు తెగులు సోకినట్టు కనబడే వరి ఆకును కొసలు ఎండిన చోట, పచ్చదనం మొదలయ్యే భాగంలో అడ్డంగా కత్తిరించండి. కత్తిరించిన చివర మునిగేలా తేట నీళ్ళున్న గాజుగ్లాసులో నిలబెట్టి, వెలుతురుకు ఎదురుగా పెట్టి కొద్ది నిమిషాలు గమనించండి. ఆకు చివర నుంచి పాలవంటి సన్నని ధార కిందికి జారితే అది బాక్టీరియా గుంపు. నీటి ఎద్దడికి ఎండిన ఆకు నుంచి ఈ ధార రాదు. రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చండి. తరువాత ఆ నీటిని పొలంలో పారబోయవద్దు. చేతులు సబ్బుతో కడుక్కోండి.

ఆలోచించండి

1. అయిదోసారి కూడా సాంబ మసూరితో సంకరపరిస్తే దాని వాటా సగటున ఎంత శాతమవుతుంది?

2. ఎక్స్.ఏ.-13 ఒక్క తల్లి నుంచే వచ్చిన మొక్క తెగులును తట్టుకుంటుందా? ఎందుకు?

3. మీ ఇంట్లో పెద్దవారు ఏ పంటల విత్తనాలు దాచేవారు? ఇప్పుడు ఏవి కొంటున్నారు? రెండు జాబితాలు రాసి, తేడాకు కారణాలు అడిగి తెలుసుకోండి.